పెట్‌ని కొట్టాలా, ఓనర్‌ని కొట్టాలా? పీవీపీ గేమ్‌లో పెట్ల బలం సరిచూసే పద్ధతి

ఒడిశాలోని రాయగడలో మా మేడ మీద గదిలో ఆదివారం సాయంత్రాలు నలుగురైదుగురం చేరి, మేమే తయారుచేసుకున్న చిన్న గేమ్ ఆడుకునేవాళ్లం. ఇద్దరు ఎదురెదురుగా దిగి కొట్టుకునే ఆట. ఇలా మనిషితో మనిషి తలపడే ఆటనే పీవీపీ అంటారు. ఒక్కొక్కరి వెంట ఒక పెట్, అంటే తన ఓనర్ తరఫున కొట్లాడే జంతువు ఉంటుంది. కుక్క, డేగ, ఎలుగు, ఏదో ఒకటి. ఒకరోజు గుణుపురం నుంచి వచ్చిన మా బావమరిది ఫోన్ చాప మీద పడేసి, "ఏటి బావా ఇది? నీ కుక్కని కొట్టాలా, నిన్ను కొట్టాలా? కుక్కని కొడితే నువ్వు చంపేస్తున్నావు, నిన్ను కొడితే కుక్క చంపేస్తోంది" అన్నాడు.

అప్పటికే కుక్క డ్యామేజ్ (దాని దెబ్బ బలం) మూడుసార్లు తగ్గించాను. అయినా వాడు ఓడిపోతూనే ఉన్నాడు. రాత్రి కూర్చుని లెక్క వేస్తే అప్పుడు బోధపడింది. నేను తగ్గించాల్సిన అంకె అది కాదు. వాడికి రెండు దారులూ మూసుకుపోయి ఉన్నాయి. కనీసం ఒకటైనా తెరవాలి.

మీరు సొంతంగా గేమ్ తయారుచేస్తున్నా, ప్రైవేట్ సర్వర్ నడుపుతున్నా, ఊళ్లో కుర్రాళ్లకు టోర్నమెంట్ పెట్టి రూల్స్ రాస్తున్నా కింద చెప్పే వరస పనికొస్తుంది. ఒక నోట్‌బుక్, కాలిక్యులేటర్, స్క్రీన్ రికార్డ్ చేసే ఫోన్ ఉంటే చాలు.

ముందు పెట్‌కి ఒక ఉద్యోగం ఇవ్వండి

ఒక్కో పెట్ పేరు రాసి పక్కన దాని పని ఒక్క వాక్యంలో రాయండి. కుక్క: వెంటపడి కరుస్తుంది. ఎలుగు: ఓనర్‌కి తగిలే దెబ్బల్లో కొన్ని తను తింటుంది. డేగ: దాక్కున్నవాణ్ణి చూపిస్తుంది. వాక్యంలో "ఇంకా", "పైగా" అనే మాటలు వచ్చాయంటే ఆ పెట్ అప్పుడే బరువెక్కుతోందన్నమాట.

అన్నిటికంటే ప్రమాదం, కరిచే పెట్‌కే ఎదుటివాణ్ణి కదలకుండా పట్టే శక్తి కూడా ఇవ్వడం. ఎందుకో రెండు మెట్లు దిగాక అంకెల్లో చూపిస్తాను. ప్రస్తుతానికి నా మాట నమ్మి, స్టన్ (కదలకుండా చేయడం), స్లో (నెమ్మది చేయడం) లాంటివి ఓనర్ చేతిలోనే ఉంచండి.

పెట్‌కీ పెట్‌కీ మధ్య పోటీ గురించి ఒక మాట. కోడిపందేల వాళ్ల దగ్గర కుక్కుట శాస్త్రం అని ఒకటుంది. డేగ, కాకి, నెమలి అని రంగుల్ని బట్టి కోళ్లకు పేర్లు, ఏ పూట ఏది దేని మీద గెలుస్తుందో లెక్కలు. పందేల మంచిచెడ్డలు అలా ఉంచండి. గేమ్‌లో మాత్రం ఆ శాస్త్రం మరీ గట్టిగా పెట్టకండి. డేగ మీద ఎలుగు పదికి ఎనిమిదిసార్లు గెలిచేటట్టుంటే, మ్యాచ్ పెట్‌ని ఎంచుకునే స్క్రీన్ మీదే అయిపోయినట్టు. నూటికి 55 దాకా అయితే సరదా. 60 దాటితే ఆడేవాళ్లు విసుక్కుంటారు.

ఓనర్‌నీ పెట్‌నీ ఒకే పద్దులో రాయండి

మేం చేసిన మొదటి తప్పు ఇక్కడే. పెట్ లేని ఆటగాడికి 1000 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు), సెకనుకు 100 డ్యామేజ్ పెట్టాం. పెట్ ఉన్నవాడికీ అవే అంకెలిచ్చి, దానిపైన కుక్కకి సెకనుకు 30 పెట్టాం. "ముప్పయ్యే కదా" అనుకున్నాం.

లెక్క చూడండి. కుక్క ఉన్నవాడు సెకనుకు 130 కొడతాడు. ఎదుటివాడి 1000 హెచ్‌పీ 7.7 సెకన్లలో అయిపోతుంది. ఎదుటివాడికి మాత్రం 10 సెకన్లు కావాలి. సరే, కుక్కని ముందు చంపుదామనుకుంటే దానికి 300 హెచ్‌పీ. మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లలో వాడికి 390 తగిలి 610 మిగులుతుంది. ఆ 610 తీయడానికి ఓనర్ ఒక్కడికే 6.1 సెకన్లు చాలు. వాడు ఓనర్‌ని చంపడానికి ఇంకా 10 సెకన్లు కావాలి. అంటే ఎటు కొట్టినా ఓటమే. మా బావమరిది గొణిగింది అక్షరాలా నిజం. కుక్క డ్యామేజ్ 30 నుంచి 10కి దించినా వాడు ఓడిపోతాడు. కాకపోతే కాస్త ఆలస్యంగా.

కాడికి కట్టిన రెండెడ్లు బండిని లాగినట్టు ఓనర్, పెట్ కలిసి ఒకే బరువు లాగాలి. పెట్‌కి ఎంత ఇస్తే అంత ఓనర్ దగ్గర కోయాలి. కాకపోతే ఎంత కోయాలన్నది పెట్ కాగితం మీది అంకెను బట్టి కాదు. దానికి ముందు ఒక కొలత తీసుకోవాలి.

పెట్ నిజంగా ఎంతసేపు కొడుతోందో కొలవండి

ఈసారి కుక్కకి సెకనుకు 40 డ్యామేజ్ అనుకుందాం. అలా రాసినంత మాత్రాన 40 తగలదు. ఎదుటివాడు పరిగెడతాడు, పెట్ వెనకాల పరిగెడుతుంది, అందుకుంటుంది, కొట్టడానికి ఆగుతుంది, ఆలోపు వాడు మళ్లీ రెండడుగులు ముందుకెళ్లిపోతాడు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ గేమ్‌లో రేంజర్ (పెట్‌తో కలిసి పోరాడే పాత్ర) ఆడినవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. కదిలే మనిషిని పెట్ సరిగ్గా అందుకోలేదు. రేంజర్ బలంలో కొంత భాగమేమో ఆ పెట్ దగ్గరే ఉంది.

కొలిచే విధానం ఇది. ఇరవై మ్యాచ్‌లు స్క్రీన్ రికార్డ్ చేయండి. సగం వేగంలో ప్లే చేస్తూ పెట్ దెబ్బలు లెక్కపెట్టండి. మ్యాచ్ మొత్తం నిలబడి కొడితే ఎన్ని దెబ్బలు పడాలో దానితో భాగించండి. మేం దీన్ని నాన్నగారి కొట్టులోని పాత చిట్టా పుస్తకంలో రాసేవాళ్లం. ఒక్కో దెబ్బకి ఒక్కో నిలువు గీత, ఐదోది అడ్డంగా. మూడు పేజీలు గీతలతో నిండాక, కుక్క 100 దెబ్బలు వేయాల్సిన చోట 60 వేస్తోందని తేలింది. కాగితం మీద 40 అన్నది నిజంలో 24.

ఇప్పుడు ఓనర్‌కి 76 పెట్టండి. 76కి 24 కలిపితే 100. పెట్ లేనివాడితో సమానం. మీ గేమ్‌లో 60 శాతమే రావాలని లేదు. మైదానం తీరును బట్టి, పెట్ వేగాన్ని బట్టి మారుతుంది. అందుకే వేరేవాళ్ల అంకె తెచ్చి పెట్టుకోకండి, మీరే కొలుచుకోండి.

స్టన్ గురించి ఇందాక దాటేసిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఎదుటివాడు కదలలేకపోతే పెట్ దెబ్బలన్నీ తగులుతాయి. 24 కాస్తా 40 అవుతుంది, మొత్తం 116. పది సెకన్ల పోరు 8.6 సెకన్లకు దిగుతుంది. ఓనర్ తన స్కిల్ ఖర్చుపెట్టి, సమయం చూసి పట్టాడనుకోండి, అది వాడి నేర్పు. పెట్ తనంతట తనే పట్టి తనే కరిస్తే మాత్రం అందులో నేర్పేమీ లేదు, మీరు 76 అని వేసుకున్న లెక్క కూడా చెడుతుంది.

ఇంకొకటి. కొందరు పెట్ అందుకోలేకపోతోందని దాని డ్యామేజ్ రెట్టింపు చేస్తారు. అప్పుడు పరిగెత్తడం తెలిసినవాడికి అది బొమ్మ, తెలియనివాడికి యముడు. డ్యామేజ్ జోలికి పోకుండా పెట్ వేగం ఆటగాడి కంటే కొంచెం పెంచండి, నడుస్తూనే కొట్టనివ్వండి. మళ్లీ కొలవండి. 60 కాస్తా 75 అయితే ఓనర్ అంకె కూడా మార్చాలి, మర్చిపోవద్దు. 40లో 75 శాతం 30 కాబట్టి ఓనర్‌కి 70.

పెట్ హెచ్‌పీ: అసలు కీలకం ఇక్కడుంది

పైన చెప్పిన అంకెలే తీసుకుందాం. ఓనర్ 76, కుక్క నిజమైన డ్యామేజ్ 24. ఇప్పుడు కుక్కకి 240 హెచ్‌పీ పెట్టి చూడండి. పెట్ లేనివాడు కుక్కని ముందు చంపుతాడు, 2.4 సెకన్లు. ఆలోపు వాడికి 240 తగిలి 760 మిగులుతుంది. ఓనర్ ఒక్కడే 76 చొప్పున 760 తీయడానికి సరిగ్గా 10 సెకన్లు. ఓనర్‌ని చంపడానికి వాడికీ 10 సెకన్లే. సమానం. కుక్కని వదిలేసి నేరుగా ఓనర్‌ని కొట్టినా 10కి 10, అదీ సమానమే.

రెండు దారులూ ఒకే చోటికి చేరే ఈ అంకె పేరు ఏదైనా పెట్టుకోండి, మేం "కూడలి" అంటాం. హెచ్‌పీ 300 చేస్తే పెట్ జోలికి వెళ్లినవాడు దాదాపు 0.8 సెకన్ల తేడాతో ఓడతాడు, కాబట్టి ఎవరూ దాని జోలికి వెళ్లరు. 200 చేస్తే పెట్‌ని చంపినవాడు అర సెకను తేడాతో గెలుస్తాడు. నా సలహా కూడలికి కాస్త కింద, 220 దగ్గర పెట్టమని. ఎందుకంటే గురి ఓనర్ మీంచి పెట్ మీదికి, మళ్లీ ఓనర్ మీదికి మళ్లించడానికి మనిషికి కొంత సమయం పోతుంది. ఆ నష్టం కాగితం లెక్కలో లేదు.

చనిపోయిన పెట్ మళ్లీ ఎప్పుడు లేస్తుందన్నది కూడా ఇందులో భాగమే. పది పన్నెండు సెకన్ల పోరులో ఎనిమిది సెకన్లకే లేస్తే, దాన్ని చంపిన కష్టం బూడిదలో పోసిన పన్నీరు. పోరు సగటు నిడివి కంటే తిరిగి లేచే సమయం ఎక్కువ ఉండాలి.

చావుకి వెల ఉండాలని డోటా 2 అనే గేమ్ చేసిన పని నాకు నచ్చుతుంది. అందులో లోన్ డ్రూయిడ్ అనే పాత్ర వెంట ఒక ఎలుగు ఉంటుంది. ఆ ఎలుగు చస్తే డ్రూయిడ్‌కి కూడా దెబ్బ తగులుతుంది, చంపినవాడికి బంగారం వస్తుంది. పైగా మామూలుగా ఓనర్‌కి మరీ దూరంగా ఉంటే ఎలుగు కొట్టలేదు. అంటే ఓనర్ ఎక్కడో పొదలో కూర్చుని ఎలుగుని పంపి పని కానిచ్చుకోలేడు. మీ గేమ్‌లో పెట్ మరీ బలంగా ఉండి తీరాలనుకుంటే ఈ మూడింటిలో ఒకటైనా పెట్టండి.

చుట్టుపక్కల అంతా తగిలే దెబ్బలు, అంటే బాంబులు, నిప్పులవాన లాంటివి ఉంటే ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది. ఓనర్ మీద వేసిన బాంబుకే పెట్ ఉచితంగా చచ్చిపోతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో రాక్షసులు వేసే ఇలాంటి దెబ్బలను పెట్‌కి 90 శాతం దాకా తగ్గించారు. మీరు 90 ఇవ్వకపోయినా సగమైనా తగ్గించండి.

దెబ్బ ఎంత అన్నదే కాదు, ఎన్నిసార్లు అన్నది కూడా చూడండి

వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో బ్రోకెన్ టూత్ అని ఒక పిల్లి జాతి జంతువు ఉండేది. హంటర్లు (ఆ గేమ్‌లో పెట్‌తో వేటాడే పాత్రలు) దాని కోసం గంటలకొద్దీ కాపు కాసేవాళ్లు. మిగతా పెట్ల కంటే దాని డ్యామేజ్ ఏమంత ఎక్కువ కాదు. కానీ మిగతావి సుమారు రెండు సెకన్లకు ఒకసారి కొడితే ఇది సెకనుకు ఒకసారి కొట్టేది. ఆ గేమ్‌లో మంత్రం వేస్తున్నవాడికి దెబ్బ తగిలిన ప్రతిసారీ మంత్రం కాస్త వెనక్కి పోయేది. చిన్నచిన్న దెబ్బలే అయినా వాడు మంత్రం పూర్తి చేయలేకపోయేవాడు. తర్వాత తర్వాత అన్ని పెట్ల వేగాన్నీ రెండు సెకన్లకు సమానం చేశారు.

కాబట్టి మీ గేమ్‌లో "దెబ్బ తగిలితే" అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. దెబ్బ తగిలితే మంత్రం ఆగుతుంది, గుర్రం దిగిపోతారు, జెండా వదిలేస్తారు, మాయమైనవాడు కనబడిపోతాడు. వీటన్నిటినీ పెట్ దెబ్బ కూడా చేస్తుందా? చేస్తే, రెండు సెకన్లకు ఒకటి కంటే ఎక్కువసార్లు చేయకుండా కట్టడి పెట్టండి. డ్యామేజ్ పట్టికలో ఈ బలం ఎక్కడా కనిపించదు.

పెట్‌కి పింగ్ ఉండదు

ఇది మా ప్రాంతం వాళ్లకు బాగా అర్థమయ్యే విషయం. బిస్సంకటక్, కాశీపూర్ వైపు కొండల మధ్య ఊళ్లలో వాన పడితే నెట్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 60 మిల్లీసెకన్లలో ఉన్న పింగ్, అంటే ఫోన్ నుంచి సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం, 200 దాటుతుంది. మనం నొక్కిన బటన్ సర్వర్‌కి చేరేలోపు ఎదుటివాడు అక్కడ ఉండడు. పెట్‌కి ఆ బాధ లేదు. దాని బుర్ర సర్వర్‌లోనే ఉంటుంది. మనిషి కంటితో చూసి వేలు కదపడానికే సుమారు పావు సెకను పడుతుంది, దానిపైన పింగ్. పెట్ మాత్రం వచ్చే టిక్‌కే (సర్వర్ తర్వాతి లెక్క వేసే క్షణానికే) కొరికేస్తుంది.

అందుకని పెట్ నిర్ణయానికి 250 నుంచి 300 మిల్లీసెకన్ల ఆలస్యం కలపండి. ఎదుటివాడు దిశ మార్చిన వెంటనే పెట్ కూడా మారితే అది కుక్కలా ఉండదు, తాడుతో కట్టిన రాయిలా ఉంటుంది.

పెద్ద దెబ్బ వేసే ముందు సైగ ఉండాలి. ఎలుగు రెండు కాళ్ల మీద లేచి అర సెకను ఆగి, అప్పుడు చరచాలి. మేం మొదట్లో స్క్రీన్ మీద "జాగ్రత్త" అని తెలుగులో రాశాం. మా కుర్రాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదువు ఒడియాలో, ఇంగ్లీషులో. ఆ అక్షరాలు వాళ్లకి ముగ్గులా కనిపించాయి. తీసేసి నేల మీద ఎర్ర వలయం, ఒక గుర్రు పెట్టాం. ఏ భాషవాడికైనా అర్థమైంది.

పెట్ ఒళ్లు అడ్డం రావడం కూడా ఇక్కడే సరిచేయండి. ఫోన్‌లో వేలితో గురి పెట్టేటప్పుడు ఓనర్ ముందు ఎలుగు నిలబడితే టచ్ ఎలుగుకే పోతుంది. కాసేపటికి ఓనర్లు కావాలనే దాని వెనకాల దాక్కోవడం నేర్చుకుంటారు. ఓనర్, పెట్ ఒకదానిమీద ఒకటి ఉంటే గురి ఓనర్‌కే పోయేలా పెట్టండి, పెట్‌ని ఎంచుకోవడానికి వేరే బటన్ ఇవ్వండి.

ఒంటరి పోరు తేలాక గుంపు పోరు

ఒకరితో ఒకరికి సరిపోయిన అంకెలు ముగ్గురితో ముగ్గురికి సరిపోవు. అందరూ ఒకేసారి ఒక్కణ్ణే కొట్టగలిగే పోరులో గుంపు బలం సంఖ్య కొద్దీ కాకుండా సంఖ్య వర్గం కొద్దీ పెరుగుతుందని ఇంగ్లండ్ ఇంజనీరు లాంచెస్టర్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లెక్క కట్టి చూపాడు. మూడు పెట్లు వచ్చి ఒకడి మీద పడితే జరిగేది అదే. 2012లో వార్‌క్రాఫ్ట్ హంటర్లకి స్టాంపీడ్ అని ఒక స్కిల్ వచ్చింది, తమ ఐదు పెట్లనూ ఒక్కసారే వదలడం. అరీనాల్లో (ఆటగాళ్లు తలపడే గోదాల్లో) గోల గోల అయింది. చివరికి పీవీపీ వరకు ఆ పెట్ల డ్యామేజ్ విడిగా కోయాల్సి వచ్చింది.

మీకు నా సూచన, ఒకే మనిషి మీద రెండో పెట్ దెబ్బ సగం, మూడోది ఇంకా తక్కువ. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

గేమ్‌లో రాక్షసులతో పోరాడే భాగం కూడా ఉంటే, దాని అంకెలూ పీవీపీ అంకెలూ మొదటి రోజు నుంచే విడివిడి ఫైళ్లలో ఉంచండి. మొదటి గిల్డ్ వార్స్ గేమ్ 2008లో ఒకే స్కిల్‌కి రెండుచోట్ల రెండు రకాల అంకెలు పెట్టడం మొదలుపెట్టింది, అది కూడా చాలా తలనొప్పులు పడ్డాకే. డబ్బు పెట్టి కొనే పెట్‌కి రంగు మార్చండి, తోక మార్చండి, బలం మాత్రం మార్చకండి.

గెలుపోటముల లెక్క చదవడం

పది మ్యాచ్‌లు చూసి నెర్ఫ్ చేసేవాళ్లు, అంటే బలం తగ్గించేసేవాళ్లు ఉన్నారు. నేనూ చేశాను. వంద మ్యాచ్‌లు ఆడించినా అదృష్టం వల్లే అంకె ఐదారు పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి పది దాకా. నూటికి 55 గెలుపులు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. వెయ్యి మ్యాచ్‌లలో 55 శాతం వస్తే మాత్రం అది నిజంగానే ఎక్కువ. కుక్కా కుక్కా తలపడిన మ్యాచ్‌లు లెక్కలోంచి తీసేయండి, అవి ఎప్పుడూ 50 శాతమే.

ఆ తర్వాత అంకెని విడగొట్టండి. కుక్క 100 మ్యాచ్‌లలో 61 గెలిచిందనుకోండి. ఇద్దరి పింగూ బాగున్న 52 మ్యాచ్‌లలో 27 గెలుపులు, ఎదుటివాడి పింగ్ బాగాలేని 48లో 34 అని తేలితే, కుక్క డ్యామేజ్‌తో పని లేదు. మందు పెట్ నిర్ణయానికి కలిపిన ఆ ఆలస్యం అంకెలో ఉంది. పింగ్‌తో పాటు ఆటగాళ్ల అనుభవాన్ని బట్టి కూడా ఇలాగే చీల్చి చూడండి. కొత్తవాళ్ల దగ్గర గెలిచి పాతవాళ్ల దగ్గర ఓడే పెట్‌కి డ్యామేజ్ తగ్గిస్తే ఇద్దరికీ అన్యాయమే. దాని సైగ ఇంకా స్పష్టంగా ఉండాలి.

మార్చేటప్పుడు ఒకసారికి ఒకే అంకె, ఐదు నుంచి పది శాతం. ఒకసారి నేను కోపంలో ఎలుగు హెచ్‌పీ ఒక్క దెబ్బకి 40 శాతం కోశాను. మరుసటి ఆదివారం ఎలుగుని ఎవరూ ఎంచుకోలేదు. ఆడేవాళ్లే లేకపోతే అది బాగుపడిందో చచ్చిందో తెలిసే దారి లేదు. పాత అంకెలు దాచుకోండి, తేదీ రాసుకోండి, ఎందుకు మార్చారో ఆటగాళ్లకి ఒక్క ముక్కలో చెప్పండి: "కుక్క హెచ్‌పీ 300 నుంచి 220. ఇకపై దాన్ని ముందు చంపడం కూడా లాభమే." ఈ చివరి వాక్యం లేకపోతే సగం మంది పాత పద్ధతిలోనే ఆడతారు, మీకు వచ్చే లెక్కలు కూడా పాతవే.

మా కుక్క, ఎలుగు ఇప్పుడు దారిలో పడ్డాయి. డేగ ఇంకా తేలలేదు. కత్తితో ఆడేవాడికి అది అందదు, విల్లు ఉన్నవాడు ఒక్క బాణంతో దించేస్తాడు. దెబ్బ వేశాక ఒకటిన్నర సెకను నేల మీద నిలబడేలా పెట్టి చూస్తున్నాం. ఇప్పటికి చిట్టా పుస్తకంలో రెండు పేజీల గీతలు పడ్డాయి.